ఎండకు నిలిచిపోయిన కారు

రేడియో ఉన్న ప్రతి ఇంటిలోను ఈ అనుభవము ఉండును. రాత్రివేళ మీడియం వేవు మీద కచేరి వినుచుండగా వీధిలో ఒక పాత మోటారు బండి పోవును. అది ఇంటి ముందు దాటునంతసేపు గాయకుని గొంతు మీద గరగరమను చప్పుడు కప్పుకొనును. బండి మలుపు తిరుగగానే గొంతు మరల తేటపడును. ఆ చప్పుడు స్టేషనువారి లోపమేనని నమ్మి మాకు ఉత్తరములు వ్రాసిన శ్రోతలు ఉన్నారు. కాదని జవాబులు వ్రాసి విసిగిన మేమును దానిని ఏనాడును మెచ్చుకొనలేదు. అట్టి చప్పుడు 2025 వేసవిలో మాకొక ఉపకారము చేసినది. నేడు ఆ సంగతి చెప్పదలచినాము.

తార్నాకలో మా మేనమామ ఉన్నారు. చాల ఏండ్లు విద్యార్థులకు ఇంజనీరింగు పాఠములు చెప్పి విశ్రాంతి తీసుకొన్నవారు. వయస్సు 83 ఏండ్లు. వారి ఇంటి ముందరి రేకుల షెడ్డులో 1952లో ఇంగ్లండున తయారైన ఎం.జి. టి.డి. అను రెండు సీట్ల స్పోర్ట్సు కారు ఉన్నది. పొడవైన బానెటు, ముందుకు వాల్చుకొనదగిన గాజుపలక, కూర్చున్నవారు చేయి చాచిన నేల అందునా అనిపించునంత తక్కువ ఎత్తు. ఇంజనుకు నాలుగు సిలిండర్లు, 1250 సి.సి.; దాని ప్రక్కన ఎస్.యు. రకపు కార్బురేటర్లు రెండు. ఈ నమూనా కార్లు 1949 మొదలు 1953 వరకు ముప్పది వేలకు కొంచెము తక్కువగా తయారైనవి. వానిలో అధిక భాగము అమెరికాకు పోయినవి. ఎట్లో ఒకటి హైదరాబాదు చేరినది. 1968లో మామయ్య దానిని కొనునప్పటికే అది పాతబండి. "మీ మామయ్య జీతమంతా దాని నోట్లోనే పోశారు" అని అత్తయ్య ఇప్పటికిని అనును.

ఏబది ఏండ్లకు పైగా ప్రతి ఆదివారము తెల్లవారుజామున ఆ కారు ఒకే దారిన పోయి వచ్చుచున్నది. తార్నాక కూడలి నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలోనికి, అక్కడి నుండి చెట్ల నడుమగా ఆర్ట్సు కళాశాల వరకు. 1939లో ప్రారంభమైన ఆ గులాబిరంగు రాతి కట్టడము ఎదుట కారు నిలిపి మామయ్య బానెటు తెరతురు. నడకకు వచ్చినవారు మూగుదురు. 1929లో వెలసిన ఇంజనీరింగు కళాశాల పిల్లలు కొందరు వంగి చూచి ప్రశ్నలు వేయుదురు. తరగతిలో చెప్పినదానికంటె ఆ బానెటు ప్రక్కన నిలిచి చెప్పినదే ఎక్కువయని మామయ్యయే నవ్వుచు అందురు.

తీగ అను అర్థముగల 'తార్', కావలి చౌకీ అను అర్థముగల 'నాకా' కలిసి తార్నాక అను పేరు ఏర్పడినదని పెద్దలు చెప్పుకొందురు. ఇప్పుడచట తీగయు లేదు, చౌకీయు లేదు. మెట్రో రైలు స్తంభములున్నవి. ఆ స్తంభముల నీడలోనే 2025 మార్చిలో ఒక ఆదివారము మామయ్య కారు నిలిచిపోయినది. నాడు ఇంటికి చుట్టములు వచ్చిన కారణమున ఎండ ఎక్కిన పిమ్మట బయలుదేరినారు.

వ్యాధి లక్షణములు ముందు చెప్పవలెను. చల్లగా ఉన్నప్పుడు ఇంజను ఒక్క పిలుపుకే లేచును. ఇరువది నిమిషములు చక్కగా నడచును. పిమ్మట మిస్సింగు మొదలగును. అనగా సిలిండర్లలో ఇప్పుడొకటి, అప్పుడొకటి మండక తప్పిపోవును. కార్బురేటరు నోట తుమ్ము వంటి చప్పుడు వచ్చును. బండి నాలుగు గజములు కుంటి ఆగిపోవును. ఇంకొక ఇరువది నిమిషములు నీడలో నిలిపినచో ఏమియు ఎరుగనట్లు మరల నడచును. ఎండ ఎక్కకముందు పోయి వచ్చిన దినములలో ఈ బాధ కనబడదు.

వెనుక సిటీబస్సు హారను మ్రోగించుచుండగా 83 ఏండ్ల మనిషి దిగి కారు త్రోయబోవుటను చూచినవారు ఇంటికి వచ్చి చెప్పినారు. ఆ మాట అమెరికాలో ఉన్న కుమారులిద్దరికిని చేరినది. వారికి తండ్రి ప్రాణముకంటె కారు ఎక్కువ కాదు గదా. "అమ్మేయండి నాన్నా" అని ఇద్దరును పట్టుపట్టినారు. బెంగుళూరు నుండి ఒక వ్యాపారి వచ్చి, చుట్టును తిరిగి చూచి, నడవని బండికి ఇచ్చు ధర చెప్పి పోయినాడు. మామయ్యకు ధర మీద పట్టింపు లేదు. "మే నెలాఖరుకి దీని జబ్బేమిటో నేను కనిపెట్టలేకపోతే తీసుకుపొమ్మనండి. జబ్బు తెలియని బండిని మాత్రం నేను అమ్మను" అన్నారు. తెలుసుకొనలేకపోయిన యెడల ఇన్నేండ్లు తాము చెప్పిన పాఠములకు అర్థమేమి అను మాట నోటితో అనలేదు గాని, మాకు వినబడినది.

ఇక వైద్యులు. ఒక ఇంట జ్వరము వచ్చిన వీధియంతయు కషాయములు చెప్పును. ఒకరు ప్లగ్గులనిరి. ఒకరు టాంకీలో తుప్పు అనిరి. ఆ కారును ముప్పది ఏండ్లుగా చూచుచున్న వృద్ధ మెకానిక్కు మాత్రము పెట్రోలు వాసన చూచి, "సబ్ తేల్ కా చక్కర్ హై సాబ్" అని తేల్చినాడు. అంతయు పెట్రోలు మాయయేనని అతని భావము.

అతని మాటకు ఆధారము లేకపోలేదు. నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలిసిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మన దేశమున అమ్మకమునకు వచ్చినది. 2025 నాటికి అదియే అంతటను సాధారణమైనది. ఇథనాలులో ఆక్సిజను ముందే ఉన్నది గనుక అది మండుటకు తక్కువ గాలి చాలును. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు దాదాపు 14.7 కిలోల గాలి కావలెను. ఇథనాలుకు 9 కిలోలు చాలును. ఇరువది పాళ్ళ మిశ్రమమునకు 13న్నరకు దగ్గర. 1952 నాటి కార్బురేటరుకు ఈ క్రొత్త లెక్క తెలియదు. వెనుకటి కొలత ప్రకారమే పెట్రోలు వదలును. అందుచే ఇంజనుకు అందు మిశ్రమము పలుచనగును. పలుచని మిశ్రమము నిదానముగా మండును. ఆ మంట ఆరకముందే గాలి లోనికి వచ్చు వాల్వు తెరచుకొన్నచో కార్బురేటరు తుమ్మును. అదిగాక ఇథనాలు పాతకాలపు రబ్బరును ఉబ్బించి చెడగొట్టును. మా కారు పైపులు విప్పి చూడగా లోపలి రబ్బరు కాటుకవలె వ్రేలికి అంటినది. ఫిల్టరు జల్లెడలో నల్లని నలుసులు కనబడినవి.

పైపులు మార్పించినాము. టాంకీ కడిగించినాము. ఎస్.యు. కార్బురేటరు అడుగున ఆరు పలకల నట్టు ఒకటి ఉండును. దానిని త్రిప్పిన జెట్టు క్రిందికి దిగి, జెట్టుకును అందులోని కొనదేరిన సూదికిని నడుమ సందు పెరిగి, పెట్రోలు హెచ్చుగా వచ్చును. రెండు కార్బురేటర్లలోను ఒక్కొక్క పలకన్నర దించినారు. షెడ్డులో ఇంజను వీణ శ్రుతి చేసినట్లు పలికినది. మరుసటి ఆదివారము మబ్బు పట్టినది; కారు ఎక్కడను ఆగక ఇల్లు చేరినది. అందరము మిఠాయి తిన్నాము. ఆపై ఆదివారము ఏప్రిల్ ఎండలో విశ్వవిద్యాలయ గ్రంథాలయము దాటకముందే ఆగినది. దొరకిన దోషము నిజమైన దోషమే. మేము వెదకుచున్నది మాత్రము అది కాదు.

రెండవ అనుమానము ఆవిరి మీదికి పోయినది. ఈ కారులో పెట్రోలు టాంకీ వెనుక ఉండును. విద్యుత్తుతో నడచు పంపు ముందు, ఇంజను వెనుక గోడకు బిగించి ఉండును. కనుక పంపు పెట్రోలును దూరము నుండి పీల్చుకొనవలెను. పీల్చు గొట్టములో పీడనము తగ్గును. పీడనము తగ్గినచోట ద్రవము తక్కువ వేడికే ఆవిరియగును. హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది గనుక ఇచ్చటి గాలి పీడనమే నూటికి ఆరు పాళ్ళు తక్కువ. ఆవిరి బుడగ చేరినచో పంపు టకటక కొట్టుకొనునే గాని పెట్రోలు రాదు. ఇదంతయు పుస్తకములలో ఉన్నదే. కారు ఆగగానే మేము తడిగుడ్డ తెచ్చి పంపు మీదను గొట్టము మీదను కప్పినాము. ఇరువది నిమిషములకు ఇంజను లేచినది! నాటి సాయంత్రము అమెరికాకు ఫోను చేసి జబ్బు తెలిసినదని చెప్పినది మేమే.

మామయ్య తమ నోటుబుక్కు తెరచి ఒకే ప్రశ్న అడిగినారు. "గుడ్డ వేయకుండా ఇరవై నిమిషాలు ఊరికే కూర్చుంటే లేచేదా, లేదా? అది చూశావట్రా?"

చూడలేదు. మరుసటి వారము గుడ్డ లేకుండ, చెట్టు క్రింద వేరుసెనగలు తినుచు కూర్చున్నాము. ఇరువది నిమిషములకే ఇంజను లేచినది. అమెరికాకు మరల ఫోను చేయవలసి వచ్చినది.

ఆనాటి నుండి ఒక్కసారి ఒక్క మార్పేయని మామయ్య కట్టడి చేసినారు. ఏది ముట్టుకొన్నను నోటుబుక్కులో ఎక్కవలెను. బయలుదేరిన వేళ, ఎండ తీరు, ఎన్నవ నిమిషమున ఆగినది, అన్నియు వ్రాయవలెను. తరువాత ఆయన వేసిన ప్రశ్న చాల తేలికగా కనబడును. ఇంజను చచ్చునది ఆకలి చేతనా, నిప్పు లేకనా? మిస్సింగు మొదలైన క్షణముననే చోకు లాగించి చూచినారు. ఈ రకపు కార్బురేటరులో చోకు గాలిని మూయదు. జెట్టునే క్రిందికి దించి పెట్రోలును హెచ్చించును. ఆకలియే కారణమైనచో చోకు లాగినప్పుడు ఇంజను ఒక్క గుక్కయైనను ఊపిరి పీల్చుకొనవలెను. పీల్చుకొనలేదు. ఆగిన మరుక్షణము కార్బురేటర్ల ఫ్లోటు గిన్నెల మూతలు విప్పించినారు. రెండును నిండుగా ఉన్నవి. పెట్రోలు నిర్దోషియని నోటుబుక్కులో ఎక్కినది. మెకానిక్కు మాత్రము కొన్నాళ్ళు ముభావముగా ఉన్నాడు.

మిగిలినది నిప్పురవ్వ. దానిని పట్టుట ఎట్లు? ప్లగ్గు విప్పి, తీగ తగిలించి, రవ్వ చూచునప్పటికి ఇంజను కొంత చల్లబడుచున్నది. చల్లబడిన ఇంజనులో రవ్వ నీలముగా, నిక్షేపముగా దుముకుచున్నది. డాక్టరు గుమ్మము ఎక్కగానే తగ్గిపోవు కడుపు నొప్పి కొందరికి ఉండును గదా, అట్టిదే ఇది. బండి నడుచుచుండగా, మిస్సింగు వచ్చుచున్న ఆ క్షణముననే, రవ్వ సంగతి తెలియవలెను.

దారి చూపినది అత్తయ్య. వంటింటిలో ఆమెకు ఒక రేడియో ఉన్నది. షెడ్డులో ఇంజను నడచునప్పుడెల్ల అది గరగరలాడును. ఒకనాడు షెడ్డులోనే ఇంజనును వేడెక్కించుచుండగా ఆమె గుమ్మములోనికి వచ్చి, "అది ఆగబోయే ముందు నా రేడియోలో గరగర కూడా మారుతోంది. మీకెవరికీ వినిపించడం లేదా?" అన్నది. రేడియోలో ఇన్నేండ్లు పని చేసిన మేము ఆ మాటకు తలవంచుకొన్నాము.

నిప్పురవ్వకును రేడియోకును పుట్టుకతో వచ్చిన చుట్టరికము ఉన్నది. జర్మనీలో హెర్ట్జు అను శాస్త్రజ్ఞుడు 1887 ప్రాంతమున కాయిలుతో రవ్వ దుమికించి, దూరముగా పెట్టిన తీగచుట్టు సందులో దానికి బదులుగా మరియొక చిన్నరవ్వ దుముకుట చూచినాడు. రేడియో తరంగములు మనుష్యునికి చిక్కినది అట్లే. కారు ప్లగ్గులో దుముకు ప్రతి రవ్వయు అటువంటి తరంగమునే పుట్టించును. నేటి కార్లలో దానిని అణచుటకు నిరోధకముగల తీగలు వాడుదురు. మామయ్య కారులో ఉన్నవి ఒట్టి రాగితీగలు. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 800 చుట్లు తిరుగునప్పుడు 1600 రవ్వలు, అనగా సెకండునకు 26కు పైగా దుముకును. ఒక్కొక్కటి విడిగా వినబడదు. అన్నియు కలిసి ఎడతెగని గరగరయగును.

ఏప్రిల్ ఆఖరి ఆదివారము పది గంటల ఎండలో బయలుదేరినాము. మా జేబురేడియోను మీడియం వేవు మీద ఏ స్టేషనును లేనిచోట నిలిపి ఒడిలో పెట్టుకొన్నాము. తార్నాక కూడలి దాటి విశ్వవిద్యాలయపు దారి పట్టునంతవరకు గరగర సమముగా ఉన్నది. వేగము హెచ్చినప్పుడు సన్నగిల్లుచు, తగ్గినప్పుడు బొంగురుపోవుచు బండితోపాటే నడచినది. పందొమ్మిదవ నిమిషమున ఆ చప్పుడులో ఒక బుస చేరినది. ఆ వెంటనే నడుమ నడుమ ఖాళీలు. పూసలు జారిన దండవలె ఇక్కడొకటి లేదు, అక్కడ రెండు లేవు. ఖాళీ వచ్చినప్పుడెల్ల కారు కుదుపుచున్నది. ముందు ఖాళీ, వెంట కుదుపు. మామయ్య స్టీరింగు పట్టుకొనియే, "విన్నావా?" అన్నారు. ఇంజను ఆగినది. ఆయన ముఖమున అంతటి సంతోషము మేము చాలకాలమునకు చూచినాము.

ఆలస్యము చేయక డిస్ట్రిబ్యూటరు మూత తీసి, మా కండువాతో నీడపట్టి, స్టార్టరు నొక్కమన్నారు. లోపల పాయింట్లు విడివడినప్పుడెల్ల వాని నడుమ నీలిమంట ఒకటి అగ్గిపుల్లవలె భగ్గుమన్నది. కాయిలు నుండి వచ్చు తీగ చివర మాత్రము రవ్వ పసుపుపచ్చగా, నీరసముగా ఉన్నది. ప్లగ్గులో ఉండవలసిన నిప్పు పాయింట్లలో మండుచున్నది.

ఇక్కడ కండెన్సరును గూర్చి కొంచెము చెప్పవలెను. బ్యాటరీ నుండి కాయిలు లోనికి విద్యుత్తు పారుచుండును. పాయింట్లు విడివడగానే ఆ ధార తెగవలెను. అది ఎంత తటాలున తెగిన, కాయిలు రెండవ చుట్టలో అంత గొప్ప వోల్టేజి, వేలకొలది వోల్టులు, పుట్టి ప్లగ్గులో రవ్వ దుముకును. కాని పారుచున్న విద్యుత్తు ఊరక ఆగదు. విడిపోవుచున్న పాయింట్ల నడుమ సందును దాటి రవ్వగా పారజూచును. అప్పుడు ధార మెల్లగా తెగును, ప్లగ్గుకు బలము చాలదు. ఆ పొంగును క్షణకాలము తనలోనికి తీసికొని, పాయింట్లను విడివడనిచ్చునది కండెన్సరు. చిటికెన వ్రేలి కణుపు అంతటి డబ్బీ. లోపల లోహపు రేకులు, వాని నడుమ విద్యుత్తును పారనీయని పలుచని పొర చుట్టచుట్టి ఉండును. దాని శక్తి మైక్రోఫారడులో అయిదవ వంతు మాత్రము. లోపలి అతుకు సరిగా లేనిచో చల్లగా ఉన్నప్పుడు అంటియుండును. వేడికి వ్యాకోచించి ఎడబాయును. చల్లబడగానే మరల అంటుకొనును.

మామయ్య నోటుబుక్కు వెనుకకు త్రిప్పినారు. 2024 దసరాకు ట్యూనింగు చేయించినప్పుడు పాయింట్లతోపాటు కండెన్సరును మార్పించినట్లు ఉన్నది. దుకాణము పేరు మనకు అనవసరము. చలికాలమంతయు అది తన గుణము బయటపెట్టలేదు. మార్చి ఎండలలో పెట్టినది. ప్లగ్గులను అనుమానించినాము, పైపులను అనుమానించినాము, ప్రభుత్వమువారి ఇథనాలును అనుమానించినాము. క్రొత్తది గదా యని దీనిని ఒక్కరమును అనుమానించలేదు. తీసివేసిన పాత కండెన్సరు బిస్కట్ల డబ్బాలో భద్రముగా ఉన్నది. "బాగుగనే ఉన్నది, ఊరక మార్చినాము" అని మామయ్య దస్తూరితో చీటి కూడ కట్టి ఉన్నది.

మే నెల మొదటి ఆదివారము ఆ పాతదానిని బిగించి బయలుదేరినాము. ఆర్ట్సు కళాశాల చుట్టును రెండుమార్లు తిరిగినాము. నలుబది నిమిషములు; గరగరలో ఒక్క పూస జారలేదు. ఇంటికి రాగానే అమెరికాకు ఫోను చేయుదమన్నాము.

"ఆగు. వచ్చే వారం ఆ కొత్తదే మళ్ళీ బిగిస్తాం" అన్నారు మామయ్య.

"ఎందుకు మామయ్యా? బాగైంది గదా!"

"మబ్బు పట్టిన ఆదివారం కూడా బాగైంది. తడిగుడ్డ వేసినప్పుడూ బాగైంది. నీకు మతిమరుపు వచ్చినట్టుంది."

వ్యాపారితో చెప్పిన గడువు దగ్గరపడుచున్నది. బాగైన బండిని చేతులారా చెడగొట్టుకొని నడిరోడ్డు మీద నిలుపుకొనుట ఏమి బుద్ధియని అత్తయ్య కోపించినది. అయినను మామయ్య మాటయే చెల్లినది. క్రొత్త కండెన్సరు బిగించి, పాతదియు స్క్రూడ్రైవరును జేబులో వేసికొని బయలుదేరినారు. పదునెనిమిదవ నిమిషమున గరగరలో బుస చేరినది, పూసలు జారినవి, కారు ఆగినది. ఈమారు చల్లబడువరకు కూర్చుండలేదు. ఇంజను పొగలు గ్రక్కునంత వేడిగా ఉండగనే, వ్రేళ్ళు కాలుచుండగా కండెన్సరు విప్పి పాతది బిగించినారు. అయిదు నిమిషములు కూడ పట్టలేదు. స్టార్టరు నొక్కినాము. మొదటి చుట్టుకే ఇంజను అందుకొన్నది.

చెట్టు క్రింద నిలిచి చూచుచున్న విద్యార్థులు ఇద్దరు ఏమి చేసినారని అడిగినారు. మామయ్య బానెటు మూయబోయినవారు మరల తెరచినారు. ఆ పాఠము ముప్పావుగంట సాగినది. ఇంజను ఆపకుండనే చెప్పినారు.

వ్యాపారికి జవాబు చెప్పు పని మాకు అప్పగించినారు. నడచు బండికైతే రెండింతలు ఇత్తునని అతడన్నాడు. ఆ మాట మామయ్యకు చెప్పినాము, విననట్లే ఊరుకొన్నారు. క్రొత్త కండెన్సరుకు ఒక చీటి కట్టి, తేది వేసి, "వేడికి చెడును, ఎవరికిని ఇవ్వరాదు" అని వ్రాసి బిస్కట్ల డబ్బాలో పెట్టినారు. జెట్టు నట్ల పలకన్నర మాత్రము అట్లే ఉంచినారు. అది ఇథనాలు లెక్క. మెకానిక్కుకు ఆ మాట చెప్పగా మొగము విప్పారినది.

కుమారులు ఇప్పుడు అమ్ముమనుట లేదు. ఎండ ఎక్కకముందే ఇల్లు చేరవలెనని షరతు పెట్టినారు. ఆదివారము ఉదయము కారు షెడ్డులోనికి వచ్చునప్పటికి అత్తయ్య వంటింటిలో రేడియో పెట్టుకొని భక్తిగీతములు వినుచుండును. గరగర వినబడగానే స్టవ్వు మీద కాఫీకి నీళ్ళు పెట్టును. పోయిన వారము మాత్రము బయటికి వచ్చి, రేడియోలో పని చేయుచున్న మమ్ములనే నిలదీసినది: "ఆ తీగలు మార్చమని మీ మామయ్యకి చెప్పు. మంచి చరణం పోయింది."